నల్లనువ్వు పెట్టిన పిండి ముద్దలు

పోయిన నెల మా అమ్మాయిని వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో స్కానింగుకు వెళ్ళాను. మెట్రో పనులకని రోడ్డు సగం రేకులు అడ్డం పెట్టి మూసేశారు కదా, మిగిలిన సగంలో షేర్ ఆటోలూ, కోచింగ్ సెంటర్ల పిల్లలూ, ఎల్బీ నగర్ బస్సులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటే, పిల్ల కడుపుకి నా చేతిసంచీ అడ్డం పెట్టి మొత్తానికి మెట్లెక్కించాను. లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మా వంతు వచ్చేలోపు చేసే పనేమీ లేక ఎదురుగోడ మీది పటం చూస్తూ కూర్చున్నాను. ఒక గుండ్రటి ముద్ద, దాని పక్కన రెండు, ఆ పక్కన నాలుగు, ఎనిమిది, ఆ తర్వాత ద్రాక్షగుత్తిలా దగ్గరికి ముడుచుకున్న పదహారు. కింద పెద్ద అక్షరాలతో 'పిండం ఎదిగే తీరు' అని రాసుంది. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. పెదవులతో నవ్వి ఊరుకునే నవ్వు కాదు, పక్కనున్న కడుపుతో ఉన్న ఆడవాళ్ళు నలుగురూ కుర్చీలు కాస్త అవతలికి జరుపుకునేంత నవ్వు. మా అమ్మాయి సిగ్గుపడి నా చెయ్యి గిల్లింది. గిల్లితే నవ్వు ఆగింది గానీ దాని వెనకాలే వచ్చింది ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళేననుకుంది పిల్ల.

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం మా ఇంట్లో అందరికీ అలవాటు. తప్పు వాళ్ళది కాదు. సరూర్‌నగర్ చెరువులో నిజాంగారి ఏనుగొకటి మునిగిపోయిందనీ, ఎండాకాలం నీళ్ళు తగ్గితే దాని దంతాల కొసలు కనబడతాయనీ చెప్పి మా వీధి పిల్లల్ని మూడు ఎండాకాలాలు ఒడ్డున కూర్చోబెట్టిన మనిషిని నేను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా మీకు తోచినంత తగ్గించుకోండి. అందులో నేనొక అబద్ధం చెప్పానన్న సంగతి ఉంది, దాన్ని మాత్రం తగ్గించకండి. అది పూర్తిగా నిజం.

అరవై తొమ్మిదిలో నాకు పన్నెండేళ్ళు. మన ఈడువాళ్ళకి ఆ ఏడు గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. బడులు మూతపడి, పరీక్షలు ఎగిరిపోయి, పిల్లలమంతా పనీపాటా లేకుండా పెద్దవాళ్ళ మాటలు వింటూ ఎదిగిన ఏడు అది. ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్‌ని మనసులోంచి కాసేపు తుడిచేసి చూడండి: విజయవాడ రోడ్డుకి అటూ ఇటూ విడివిడిగా ఇళ్ళు, మధ్యమధ్య రాళ్ళూ సీతాఫలం పొదలూ, మలక్‌పేట దాటితే ఊరు దాటినట్టే లెక్క. ఇవాళ ఎల్బీ నగర్ చౌరస్తాలో సిగ్నలు పడితే ఎంతసేపటికీ కదలని చోట అప్పుడు అనాబ్‌షాహీ ద్రాక్షతోటలుండేవి. మా నాన్నది పోచంపల్లి. మగ్గం అన్నదమ్ములకు వదిలేసి వచ్చి సిటీలో ఒక బట్టల దుకాణంలో కుదురుకున్నాడు. మా ఇల్లు రెండు భాగాలు, రెంటికీ మధ్య ఒకటే గోడ. వెనక భాగంలో మేమూ, ముందు భాగంలో కిరాయికి ఒక లెక్చరరమ్మా ఉండేవాళ్ళం.

ఆమెది కృష్ణా జిల్లా. ముప్పై అయిదేళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉండేది. సిటీలో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేది. మేమందరం టీచరమ్మ అనేవాళ్ళం. ఆమె మా ఇంట్లో పెద్దవాళ్ళందర్నీ 'అండీ' అనేది, మా నాయనమ్మని కూడా. ఆ 'అండీ' వినబడినప్పుడల్లా నాయనమ్మ వెనక్కి తిరిగి, తన వెనకాల ఇంకెవరైనా గొప్పవాళ్ళు నిలబడ్డారేమోనని చూసుకునేది.

ముందు ఏడాది వరకూ ఆ 'అండీ' మాకు ముచ్చటగానే ఉండేది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చాక మనుషుల్ని మాటతో తూచడం మొదలైంది. 'ఏంది' అంటే మనవాళ్ళు, 'ఏమిటి' అంటే వాళ్ళవాళ్ళు. 'మీదే ఊరు' అన్న మాట అంతకుముందు మంచినీళ్ళిచ్చేముందు అడిగే మాట. ఆ ఏడు అది రాయి చేతిలో పట్టుకుని అడిగే మాటయింది. రోడ్డు మీద సామాన్లేసుకుని విజయవాడ వైపు పోయే లారీలు కనబడితే, ఎవరింట్లోంచి ఎవరు పోతున్నారో మా వీధంతా అరుగుల మీదికొచ్చి చూసేది. టీచరమ్మ మాత్రం పోలేదు. కాలేజీ రేపో మాపో తెరుస్తారన్న నమ్మకంతో కిటికీ రెక్క సగం వేసుకుని లోపలే ఉండిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్కని పుట్టింటికి తెచ్చారు. అక్కని అల్మాస్‌గూడకి ఇచ్చారు, అప్పుడది తాడి చెట్ల మధ్య చిన్న ఊరు. పెళ్ళయిన నాలుగేళ్ళలో రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఇది మూడోసారి. మూడో నెల దాటేదాకా ఈ మాట గడప దాటకూడదని నాయనమ్మ హుకుం. దిష్టి ఎటునుంచి వస్తుందో తెలియదు గనక అన్నివైపులనుంచీ వస్తుందనే ఆవిడ లెక్క. చక్కెర బదులుకొచ్చిన పక్కింటావిడని అనుమానించింది, గాజులమ్మేవాణ్ణి అనుమానించింది, ఆఖరికి పాలవాణ్ణి కూడా.

"పాలోడు ఇయ్యాల రెండుసార్లు లోపలికి తొంగి చూసిండు. ఎందుకు చూసిండంటవ్?" అని అమ్మని నిలదీసేది.

"పాలు పొయ్యనీకె ఒచ్చినోడు చూడక, కండ్లు మూసుకోని పోస్తడా అత్తమ్మా?" అనేది అమ్మ.

అన్నిటికన్నా ముందు నాయనమ్మ అనుమానించింది అక్కనే. బరువేమైనా ఎత్తిందేమో, బొప్పాయి ముక్క నోట్లో వేసుకుందేమో, అసలు దాని అడుగులోనే ఏముందోనని అక్క వినేటట్టే అనేది. అక్క పెదవి విప్పేది కాదు. గోడవైపు మంచమేసుకుని, గోడవైపే తిరిగి పడుకునేది. అటు పక్క టీచరమ్మ గది.

ఇంట్లో అందరి చూపూ అక్క మీదే ఉండడంతో నన్ను పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. నేను టీచరమ్మ దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. ఆమె ఒక వింత పని చేస్తుండేది. పై చదువులు కూడా తెలుగులో చెప్పాలని అప్పుడే మొదలైంది, పుస్తకాలింకా రాలేదు. ఇంగ్లీషు పాఠాన్ని ఒక లావుపాటి నోటుపుస్తకంలో తెలుగు చేసుకుంటూ, పాఠంలో బొమ్మలకి బదులు మైదాపిండిలో ఉప్పేసి తడిపి ముద్దలు చేసేది. మొదట ఒక ముద్ద. తర్వాత అంతే పిండి తీసుకుని రెండు, అంతే పిండితో నాలుగు, అంతే పిండితో ఎనిమిది. ముద్దలు ఎక్కువయ్యేకొద్దీ చిన్నవయ్యేవే గానీ అన్నీ కలిపితే అదే టీకప్పులో సరిగ్గా పట్టేవి. ఒక కొబ్బరిచిప్పలో ఓ పక్కకి కాస్త పిండి మెత్తి పెట్టింది, లోపలంతా బోలు. ఇంకొకటి చెప్పులాగా ఉండేది, మరొకటి తోక ఉన్న చింతగింజలాగా ఉండేది. ఒక్కో ముద్ద మధ్యలో ఒక్కో నల్లనువ్వు గింజని నాచేత పెట్టించేది, నా వేళ్ళు సన్నగా ఉంటాయని.

"ఇవేంటియి టీచరమ్మా?" అని రోజూ అడిగేదాన్ని.

"పెద్ద క్లాసు అమ్మాయిల పాఠంలే."

"ఏం పాఠం?"

"పెద్దయ్యాక నువ్వూ చదువుకుంటావు. ముందు గోళ్ళు చూపించు, చేతులు కడుక్కునే వచ్చావా?" అంటూ నోటుపుస్తకం మూసి మోకాళ్ళ కింద పెట్టుకునేది.

పిల్లలెలా పుడతారో పన్నెండేళ్ళ ఆడపిల్లకి చెప్పే రోజులా అవి? ఇప్పుడు తలుచుకుంటే ఆ పుస్తకం మూయడం మర్యాద కోసమేనని తెలుస్తుంది. అప్పుడు మాత్రం, మూసిన పుస్తకమంటే దాచిన సంగతనే నాకు తోచింది. ఆమె నీళ్ళు తోడుకోవడానికి పోయినప్పుడు తెరిచి చూశాను. పుస్తకం నిండా ఒకటే మాట, పిండము, పిండము, పిండము. 'మూడవ దినమున పిండము' అనీ, 'ఐదవ దినమున పిండము' అనీ. ఒకచోట కింద గీత కూడా గీసుంది: 'పిండము పదవ దినమునకు గర్భకుడ్యమున పూర్తిగా పూడుకొనిపోవును.' కుడ్యమంటే గోడ అని మా బళ్ళో నేర్పారు. గర్భమంటే నాకు గర్భగుడి తప్ప తెలియదు. అంటే లోపలి గోడ. ఆ ఇంటికి లోపలి గోడ ఒకటే ఉంది, అక్క మంచం ఆనుకున్న గోడ.

మీకు నవ్వొస్తుందని తెలుసు. కానీ మా వైపు మనిషి పోతే మూడో రోజో ఐదో రోజో పదో రోజో పిట్టకు పెడతాం. అన్నమో పిండో ముద్దలు చేసి, నల్లనువ్వులు కలిపి, ఆకులో పెట్టి, కాకి వచ్చేదాకా దూరంగా నిలబడతాం. టీచరమ్మ ఏం చేసిందంటే, తయారైన ముద్దలన్నిటినీ మోదుగాకు విస్తరిలో వరసగా పేర్చి, ఎండబెట్టడానికి పిట్టగోడ మీద పెట్టింది. కాకులు రాకుండా ఉంటాయా? మా నాయనమ్మ బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ తలెత్తి చూసింది. ఆకు, ముద్దలు, ముద్దకొక నల్లనువ్వు, చుట్టూ మూడు కాకులు. ఆవిడ చేతిలోంచి చెంబు జారిపోయింది.

నన్ను వంటింట్లోకి లాక్కుపోయి తలుపేసింది. ఆమె దగ్గరికి పోయేది నేనొక్కదాన్నే గదా. చదివినదంతా చెప్పాను, పిండమన్నాను, పదో రోజన్నాను, గోడలో పూడ్చడమన్నాను. అంతవరకూ అబద్ధం లేదు. అప్పుడు నాయనమ్మ నా రెండు భుజాలూ పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరి పేరు మీద వెడ్తున్నది?"

'నాకు తెల్వదు' అన్న మాట అప్పుడే కాదు, ఇప్పటికీ నా నోటికి అలవాటు కాలేదు. అమ్మా నాయనమ్మా ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఎన్ని వారాలైందో వాళ్ళు నన్నలా చూసి. ఆ చూపు ఇంకాసేపు ఉండాలనిపించింది, అంతే.

"అక్క పేరు రాసుంది," అన్నాను.

ఆ మాట తర్వాత మా ఇంట్లో అన్నం సహించిన మనిషి లేడు. అక్క మంచం గోడ దగ్గర్నుంచి జరిపారు. ఎందుకో అక్కకి చెప్పలేదు. నాన్న దుకాణంనుంచి రాగానే గోడని వేలి కణుపుతో తట్టి తట్టి ఎక్కడ బోలుగా వినబడుతుందోనని చూసేవాడు. నాయనమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది, ముద్దలు ఎండలో పెట్టిన రోజునుంచి పదో రోజు గురువారం. అవతల టీచరమ్మ రోట్లో ఏదైనా దంచితే ఇవతల మేమందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆమె కొబ్బరిచిప్పలో పిండి మెత్తే చప్పుడు వినబడితే అమ్మ రెండు చేతులూ చెవులకి ఆనించుకునేది. నేను? నేను నా అబద్ధాన్ని నేనే నమ్మేశాను. ఆ గోడ చూస్తే నాకే భయమేసేది.

గురువారం పొద్దున అక్క వాకిట్లోంచి పరుగున వచ్చి అమ్మ చెవిలో ఏదో చెప్పి, మంచమ్మీద కూలబడింది. ఎరుపు కనబడింది.

ఆ మాటతో మా అనుమానం రుజువైపోయింది. అల్మాస్‌గూడకి మనిషిని పంపారు. బావ ఇద్దరు స్నేహితుల్ని తీసుకుని సైకిళ్ళ మీద వచ్చాడు. బావ చదువుకున్నవాడే; ఒక ఆఫీసులో ఖాళీ కోసం దరఖాస్తు పెడితే దానికి ఎక్కడినుంచో ఇంకొకరు వచ్చి కూర్చున్నారట, అప్పట్నుంచీ ఊరేగింపుల్లో ముందుండేవాడు. నాన్‌ముల్కీలకి, అంటే ఈ ప్రాంతం కానివాళ్ళకి, ఇల్లెందుకిచ్చావని నాన్నతో అప్పటికే మాట్లాడ్డం మానేశాడు. అటువంటి మనిషికి పిండాల కథ కూడా చేరిందంటే ఎలా వచ్చుంటాడో మీరే ఊహించుకోండి.

టీచరమ్మ చేతులకంటిన పిండితోనే తలుపు తీసింది.

"ఏమైంది బాబూ?"

"బాబు గీబు జర పక్కకు వెట్టు. గీ ముద్దలేంది? ఎవరి మీదికి వెడ్తున్నవ్?"

"ముద్దలా? పాఠం బాబూ, కాలేజీ పాఠం."

"కాలేజీ బందయ్యి ఎన్ని దినాలాయె! ఎవరికి చెప్తవ్ పాఠం, కాకులకా?"

ఇంటి ముందు అప్పటికే వీధి వీధంతా గుమిగూడింది. బావ స్నేహితుడొకతను ఆమె ట్రంకుపెట్టె బయటికి తెచ్చి అరుగుమీద పెట్టాడు. బావ నోటుపుస్తకం లాక్కుని నా చేతిలో పెట్టి, "ఏడుందే మీ అక్క పేరు? చూపెట్టు," అన్నాడు. నేను మొదటినుంచి చివరిదాకా తిప్పాను. మళ్ళీ చివరినుంచి మొదటిదాకా తిప్పాను. లేని పేరు ఎక్కడని వెతకను? బావ నా చేతిలోంచి పుస్తకం లాక్కుని గీత గీసిన వాక్యం తనే పైకి చదివాడు, "పిండము పదవ దినమునకు..." అని. టీచరమ్మ బావ మొహం చూసింది, విస్తరిలో ముద్దలు చూసింది, నల్లనువ్వులు చూసింది, నాయనమ్మని చూసింది. అప్పుడర్థమైంది ఆమెకి. అంతసేపూ రాని భయం అప్పుడొచ్చిందనుకుంటాను, గుమ్మానికి చెయ్యి ఆనించింది. కానీ ఆమె అడిగింది మాత్రం ఒకటే.

"లోపల ఎవరికండీ బాగాలేదు?"

"నా పెండ్లానికి! మూడోపాలి..." అని బావ ఆ మాట మధ్యలోనే మా గుమ్మంవైపు తిరిగాడు.

ఆమె ఇంకేమీ వినలేదు. బావి దగ్గర చేతులు కడుక్కుని, ఎవరూ పిలవకుండానే, మా ఇంట్లోకి వచ్చేసింది. అక్క పక్కన కూర్చుని నొప్పుందా, ఎంత కనబడింది, ఎన్ని వారాలు అని అడిగి, ఏడో వారమని తెలుసుకుని, నన్ను పిలిచి ఆ విస్తరి తెమ్మంది. నేను తీసుకొస్తుంటే నాయనమ్మ నాకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది. అక్కే, అన్ని రోజుల్లో మొదటిసారి నోరు తెరిచి, "రానియ్యి నాయనమ్మా," అంది.

పక్కమీద పెట్టిన ఆ ముద్దల్ని ఒక్కొక్కటే వేలితో చూపించింది టీచరమ్మ. "ఇది మొదటి రోజు, ఒకటే. మధ్యలో నువ్వుగింజ దాని కేంద్రకం. ఇది రెండో రోజు. ఇది నాలుగో రోజు, చూడు, ఇక్కడిదాకా ఇది పెరగదమ్మా, ఉన్నదే విడిపోతూ ఉంటుంది. విడిపోతుందే గానీ చెదిరిపోదు, చుట్టూ సన్నని పొర పట్టుకునుంటుంది."

గుమ్మం దగ్గర నిలబడ్డ బావ స్నేహితుడు ఉండబట్టలేక, "అంటె విడిపోతెనే ఎదుగుతదన్నమాట! ఇంటున్నవారా?" అని బావని మోచేత్తో పొడిచాడు. నిజం చెప్తున్నా, అంత పరేషాన్‌లోనూ బావ మీసం కింద నవ్వొచ్చి పోయింది.

"ఐదో రోజుకి లోపల బోలవుతుంది," అని కొబ్బరిచిప్ప చూపించింది. "పదో రోజుకి నీ కడుపులో, గర్భం గోడకి అంటుకుని లోపలికి పూడుకుపోతుంది. అదండీ గోడ, మీ ఇంటి గోడ కాదు పెద్దమ్మగారూ. ఇదిగో ఇది నాలుగో వారం, తోక చూసి భయపడకు, పోతుంది. నీ లోపలిదానికి అప్పుడే గుండె కొట్టుకుంటూ ఉండాలి."

అక్క ఆ తోకున్న ముద్దని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది, ఇన్నాళ్ళూ గోడనడుగుతున్నదేదో ఆ మనిషినడిగింది.

"మరి ముందటి రెండు ఎందుకు పోయినయి టీచరమ్మా? నేనేం జేసిన?"

"నువ్వేం చెయ్యలేదమ్మా. చాలాసార్లు మొదటి రోజుల్లోనే ఎక్కడో పొందిక తప్పుతుంది. అలాంటిది తనంతట తనే ఆగిపోతుంది. నీ అడుగులో ఏమీ లేదు. ఎవరి చూపులోనూ లేదు."

అక్క ఏడ్చింది. నోరు మూసుకుని ఏడవడం కాదు, వీధిలోవాళ్ళకి వినబడేలా ఏడ్చింది. నాయనమ్మ ముద్దలకేసి చూస్తూ అంది, "గట్లయితె పిండమని ఎందుకు రాసినవ్ బిడ్డా? సచ్చినోళ్ళకు వెట్టేదాని పేరు పుట్టెటోళ్ళకు వెడ్తరా ఎవరన్నా? ముద్ద అని రాయరాదా, పిల్లల నోట్లె వెట్టేటిది?"

'ముద్ద' అని టీచరమ్మ ఒకసారి పైకి అనుకుని చూసింది.

అక్కని వెంటనే దవాఖానకి తీసుకుపోవాలంది టీచరమ్మ. ఆ రోజు బంద్. బస్సు లేదు, రిక్షా లేదు. ద్రాక్షతోట ఎడ్లబండి ఒకటి దొరికితే గడ్డి పరిచి అక్కని పడుకోబెట్టారు. అక్క తలని టీచరమ్మ ఒళ్ళో పెట్టుకుంది. నన్ను ఇంట్లో వదిలితే ఇంకేం చెప్తానోనని నన్నూ ఎక్కించారు. దారిలో నోరు తెరవొద్దని బావ టీచరమ్మకి మరీమరీ చెప్పాడు. మలక్‌పేట దగ్గర రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు, వాటి వెనక కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు. వాళ్ళు అక్కని చూశారు, బావని గుర్తుపట్టారు, దారిచ్చేవాళ్ళే, ఒకడు మాత్రం టీచరమ్మ చీరకట్టు చూసి ఆగాడు.

"మీదే ఊరు?"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణం నాకింకా గుర్తుంది, అక్క నుదుటిమీద ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఇక్కడేనండీ, దిల్‌సుఖ్‌నగరే."

'అండీ' జారిపోయింది. కుర్రాడి కర్ర లేచింది. బావ బండి నొగల మీదనుంచి కిందికి దూకి మధ్యలో నిలబడ్డాడు. "మా అక్క, పంతులమ్మ. సదువుకున్నోళ్ళు గట్లనే మాట్లాడ్తరు, నీకేం ఎరుక?" అన్నాడు. పొద్దున ఆమె పెట్టె అరుగుమీద పెట్టించిన మనిషే. కర్ర దిగింది. బండి కదిలాక కూడా చాలాదూరం వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దవాఖానలో డాక్టరమ్మ చూసి, కడుపు పోలేదంది, నిలుస్తుందనే చెప్పింది, నెలరోజులు మంచం దిగొద్దంది. నిలిచింది కూడా.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! మేం బండి మీద తిరిగొచ్చేసరికి నా అబద్ధం మా ఇల్లు దాటి, వీధి దాటి, సరూర్‌నగర్ దాకా వెళ్ళిపోయింది. దారిలో నువ్వులు మనిషి పళ్ళయ్యాయి, కొబ్బరిచిప్ప పుర్రెయింది. మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరిగి అది పిల్లలు పుట్టే పాఠమనీ, అక్క పేరు నేనే కల్పించాననీ చెప్పాను. ఎవ్వరూ నమ్మలేదు. నా బతుకులో అచ్చంగా ఉన్నదున్నట్టు చెప్పిన మొదటి సంగతి అది. మూలమీది ఇంటావిడ చాటలో బియ్యం చెరుగుతూ, "పొయ్యె పోరీ! నీ మాట ఎవరు నమ్ముతరే, ఉత్త కతల పిల్లవి," అంది. అబద్ధాన్నేమో అందరూ ఆ కతల పిల్ల నోటినుంచే నమ్మారు.

వారం తిరగకుండా ముందు గోడమీద ఎవరో బొగ్గుతో 'బాణామతి' అని, అంటే చేతబడి అని, రాశారు. నాన్న సున్నం కొట్టాడు. మళ్ళీ రాశారు. పిల్లలు ఆమె కిటికీమీద రాళ్ళేసి పారిపోయేవాళ్ళు. వాళ్ళు చెరువు ఒడ్డున నా పక్కన కూర్చున్న పిల్లలే. ఆ నెలాఖరుకి ఒక లారీ మాట్లాడుకుంది టీచరమ్మ. సామాను ఎక్కించింది బావే. నాయనమ్మ పాత పోచంపల్లి చీరొకటి మడతపెట్టి ఇచ్చింది, దారిలో చలేస్తే కప్పుకోమని. ఆమె వెళ్ళేముందు నన్ను పిలిచింది. తిడుతుందనుకుని తల దించుకుని నిలబడ్డాను. ఆ నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి నా చేతిలో పెట్టింది. గీత గీసిన వాక్యమున్న కాగితమే. అందులో 'పిండము' అన్న మాట కొట్టేసి, దాని పైన 'ముద్ద' అని రాసింది.

"మీ నాయనమ్మగారికి చదివి వినిపించమ్మా," అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "ఉన్నది ఉన్నట్టు చదువు," అంది.

లారీ ద్రాక్షతోటల పక్కనుంచి మలుపు తిరిగిపోయేదాకా చూశాను. ఊరిపేరు, ఇంటినంబరు ఏదీ రాసి తీసుకోలేదు మేము. తర్వాత ఎన్నిసార్లో అనుకున్నాం గానీ, ఎక్కడికని ఉత్తరం రాస్తాం?

అక్కకి ఆడపిల్ల పుట్టింది. బారసాలలో పెట్టిన పేరేదో ఉంది గానీ ఇంట్లో అందరికీ అది 'ముద్ద'. ఇప్పుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తున్నది, నలభై దాటింది, నలుగురిలో ముద్దా అని పిలిస్తే ఇప్పటికీ కోపమొస్తుంది దానికి. నేను ఇంటర్మీడియట్‌కి వచ్చాక తెలుగు పుస్తకంలో ఆ పాఠం తీసి మొట్టమొదట ఆ మాట కోసమే వెతికాను. పిండమనే ఉంది. ఆమె 'ముద్ద' అని రాసిస్తే పుస్తకం వేసే పెద్దవాళ్ళు కొట్టేశారో, అసలు మళ్ళీ ఎక్కడైనా పాఠం చెప్పిందో లేదో తెలియదు.

స్కానింగ్ గదిలో డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయికన్నా చిన్నదేమో. తెరమీద బూడిదరంగు మబ్బులో చిక్కుడుగింజంత ఒకటి కనబడింది, మీట నొక్కితే గదంతా గుండెచప్పుడు. పరుగెత్తే గుర్రంలా ఉంది. మా అక్క అరచేతిలో ఎండిన పిండిని పట్టుకుని ఊహించుకున్న చప్పుడు అది.

"పిండం చక్కగా ఉందండీ," అంది డాక్టరు.

ఆ 'అండీ' చెవిన పడగానే నా ప్రాణం లేచొచ్చింది. వీళ్ళది కృష్ణా జిల్లా అయితే, పెళ్ళి చేసుకోని జువాలజీ మేనత్తో, పెద్దమ్మో ఎవరైనా ఉండి ఉంటే... ఆగలేక అడిగేశాను.

"మీదే ఊరమ్మా?"

ఆ పిల్ల చేతిలో మిషను మా అమ్మాయి పొట్టమీద అలాగే ఆగింది. ఒక్క క్షణమే.

"ఇక్కడేనండీ," అంది తెరవైపు చూస్తూ, "దిల్‌సుఖ్‌నగరే."

మెట్లు దిగుతుంటే మా అమ్మాయి నన్ను కసిరింది, "అట్ల ఎందుకడిగినవమ్మా? పాపం, ఆమె భయపడ్డది." తోటలు పోయాయి, రాళ్ళు పోయాయి, కొట్లాడిన రాష్ట్రం కూడా వచ్చేసింది. కడుపులో ఏముందో తెరమీద చూపించే రోజులొచ్చాయి, అయినా ఎదుటిమనిషి ఆ మాట ఎందుకడిగిందో ఏ తెరమీదా కనబడదు. వెనక్కి పోయి ఆ పిల్లకి ఇదంతా చెబుదామనుకున్నాను. మెట్టుమీద కాసేపు నిలబడ్డాను కూడా. చెబితే మాత్రం, ఎవరు నమ్ముతారు నన్ను?